ఒకే గుర్తు, ఐదు రకాల దుస్తులు: ఒక ఆర్డరుకు ముద్రణ పద్ధతులను ఎంచుకున్న తీరు

ఒక పరుగు సంఘం తమ వార్షిక పోటీ కోసం ఐదు రకాల దుస్తులపై సంఘం గుర్తు వేయించాలని మా దుకాణానికి వచ్చింది. కార్యకర్తలకు ముదురు నీలం రంగు నూలు టీ షర్టులు 240, పోటీలో పరుగెత్తే జట్టుకు మెరూన్ రంగు పాలిస్టర్ జెర్సీలు 60, కార్యాలయ సిబ్బందికి తెల్లటి కాలర్ టీ షర్టులు 35, దారి పొడవునా నిలబడేవారికి పసుపు రంగు నైలాన్ వాన కోట్లు 20, ముదురు నీలం టోపీలు 50 కావాలన్నారు. బట్టలన్నీ వారు ముందే కొనుక్కున్నారు కనుక వాటి రకాన్ని గానీ రంగును గానీ మార్చే అవకాశం లేదు. గుర్తులో మూడు ముదురు నీలం కొండలు, వాటి వెనుక పసుపు నుంచి నారింజకు మెల్లగా మారే సూర్యబింబం, కింద సంఘం పేరు, ఆ పేరు కింద సన్నని అక్షరాల్లో ఒక నినాదం ఉన్నాయి. వీటన్నిటిపైనా ఎంబ్రాయిడరీయే చేయాలన్నది వారి కోరిక.

అందుకు వారు రెండు కారణాలు చెప్పారు. ముద్రణ కొన్ని ఉతుకులకే పగిలి ఊడిపోతుందని, కుట్టు మాత్రం బట్ట ఉన్నంత కాలం ఉంటుందని మొదటిది. అన్నీ ఒకే పద్ధతిలో ఉంటేనే ఒకే సంస్థ దుస్తులుగా కనిపిస్తాయని రెండోది. మొదటి దానిలో కొంత నిజముంది. మంచి పాలిస్టర్ దారంతో కుట్టిన చిన్న గుర్తు చాలాసార్లు బట్ట కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే ముద్రణ పగిలిపోవడానికి పద్ధతి కారణం కావడం అరుదు. చాలావరకు సిరా పూర్తిగా ఉడకకపోవడమో, అంటే వేడికి అడుగు దాకా గట్టిపడకపోవడమో, బట్టకు తగని సిరా వాడడమో కారణమవుతుంది. రెండో వాదనను నేను ఒప్పుకోను. ఐదు మీటర్ల దూరం నుంచి చూసేవారికి కనిపించేవి ఆకారం, రంగు, గుర్తు ఉన్న చోటు. అవి కలిస్తే చాలు. కుట్టు ఏది, సిరా ఏది అన్నది చేతితో తడిమి చూసేవారికే తెలుస్తుంది. ఈ ఆర్డరులో నా పని చాలావరకు ఈ సంగతిని నమూనాలతో నిరూపించడమే.

సాధారణంగా అందరూ ముందు డిజైన్ ఫైలు తెరుస్తారు. నేను ముందు బట్ట చూస్తాను, ఎందుకంటే డిజైన్‌ను మళ్ళీ గీయవచ్చు గానీ కొనేసిన బట్ట పోగు గుణాన్ని మార్చలేము. లేబుళ్ళను చదివి, లోపలి కుట్టు అంచు నుంచి ఒక్కో దారం లాగి నిప్పు చూపించాను. నూలు దారం కాగితం కాలిన వాసన వేస్తూ మండి మెత్తని బూడిదగా మారుతుంది. పాలిస్టర్ మంటకు ముడుచుకుపోయి, కరిగి, చివర గట్టి పూసలా మిగులుతుంది. టీ షర్టులు లేబుల్ చెప్పినట్లే పూర్తి నూలువి, జెర్సీలు పూర్తి పాలిస్టర్‌వి. కాలర్ టీ షర్టుల లేబుల్ మీద నూలు అని ఉన్నా, కాలిన దారంలో బూడిదతో పాటు చిన్న గట్టి పూస కూడా మిగిలింది. అంటే అది మిశ్రమ బట్ట. బట్ట తెల్లనిది, దాని మీద కుట్టబోతున్నాము కనుక నష్టమేమీ లేదు. అదే ముదురు రంగుదై, దాని మీద సిరాతో అచ్చు వేయవలసి ఉంటే ఈ చిన్న పూస చాలా సమస్యలకు ముందస్తు సూచన అయ్యేది. ఆ కారణం జెర్సీల దగ్గర వివరిస్తాను.

నూలు టీ షర్టుల వీపు మీద గుర్తు 28 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని వారు అడిగారు. ఇంత పెద్ద గుర్తును కుట్టవచ్చా అంటే కుట్టవచ్చు. కుట్టకూడదని చెప్పడానికి వారి ముందే లెక్క వేశాను. నిండు కుట్టు వరుసల మధ్య దూరం 0.4 మిల్లీమీటర్లు, ఒక్కో కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరులో సుమారు 62 కుట్లు పడతాయి. గుర్తులో నిండుగా కుట్టవలసిన భాగం దాదాపు 400 చదరపు సెంటీమీటర్లు ఉంది కనుక అక్కడికే 25,000 కుట్లు అవుతాయి. అడుగు కుట్లు, అక్షరాలు కలిపితే 30,000 దాటుతాయి. నిమిషానికి 800 కుట్ల వేగంతో యంత్రం ఎక్కడా ఆగకుండా నడిచినా ఒక్క షర్టుకు ముప్పావు గంటకు కాస్త తక్కువ పడుతుంది. 240 షర్టులకు ఒకే తల ఉన్న, అంటే ఒకసారికి ఒక్క షర్టునే కుట్టే యంత్రం మీద 150 గంటలు. దారం తెగడం, ఫ్రేము మార్చడం, దారపు కొసలు కత్తిరించడం ఇందులో లేవు. ఎక్కువ తలలున్న యంత్రం ఉంటే ఆ సమయాన్ని పంచుకోవచ్చు.

సమయం కంటే పెద్ద అడ్డంకి బట్టే. చదరపు మీటరుకు 180 గ్రాములు తూగే సన్నని అల్లిక బట్ట మీద 30,000 కుట్లు పడితే, దారమూ దాని వెనుక నిలిపే బ్యాకింగూ కలిసి వీపు మీద అట్ట అతికించినట్లు అవుతుంది. అల్లిక బట్ట సాగుతుంది, కుట్టిన భాగం సాగదు. ఉతికిన తరువాత ఆ రెండూ కలిసే అంచు చుట్టూ ముడతలు పడతాయి. పైగా ఆ షర్టులు వేసుకునేవారు ఎండలో గంటల తరబడి నిలబడతారు.

కనుక టీ షర్టులకు స్క్రీన్ ప్రింటింగ్ ఎంచుకున్నాను. ఈ పద్ధతిలో శ్రమంతా మొదట్లోనే ఉంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్, అంటే చట్రానికి బిగించిన, సిరా దిగే సన్నని వల తయారు చేయాలి, కాంతికి గట్టిపడే ఎమల్షన్ పూసి డిజైన్‌ను కాంతితో దాని మీదికి ఎక్కించాలి, స్క్రీన్లన్నీ ఒకదానితో ఒకటి కలిసేలా సరిచూసుకోవాలి. ఇది పూర్తయ్యాక ఒక్కో షర్టుకు పట్టే సమయం చాలా తక్కువ. 240 షర్టులకు ఈ మొదటి శ్రమ పంచుకుపోతుంది. షర్టులు పన్నెండే అయితే నేను స్క్రీన్లు చేసేవాడిని కాదు. ప్రింటరు నేరుగా బట్ట మీద సిరా చల్లే డీటీజీ పద్ధతికి పంపేవాడిని. డీటీజీలో స్క్రీన్ల ఖర్చు ఉండదు, రంగుల సంఖ్యతో పని లేదు, రంగు మెల్లగా మారే బింబం ఫైలులో ఉన్నట్లే వస్తుంది. కానీ ముదురు బట్ట మీద ముందుగా ఒక ద్రావణం చల్లి ఆరబెట్టి, తెల్ల సిరా పొర వేసి, ఆ పైన రంగులు వేయాలి. ప్రతి షర్టుకూ ఇదంతా మళ్ళీ మొదటి నుంచి చేయాలి కనుక సంఖ్య పెరిగినా పని తేలిక కాదు.

ఇక సిరా సంగతి. నీటి ఆధారిత సిరా బట్టలోకి ఇంకి మెత్తగా ఉంటుంది గానీ ముదురు నీలం మీద పసుపును వెలిగించలేదు. బట్ట రంగును తీసేసి ఆ చోట కొత్త రంగు నింపే డిశ్చార్జ్ పద్ధతి నాకు ఇష్టమైనదే. తాకితే ముద్రణ ఉన్నట్లే తెలియదు. కానీ అది బట్టకు వేసిన రంగు స్వభావం మీద ఆధారపడుతుంది. ఒకే నీలంగా కనిపించే రెండు తానుల్లో ఒకటి చక్కగా తెల్లబడవచ్చు, మరొకటి మట్టి రంగుకు తిరగవచ్చు. ఈ షర్టులు రెండు వేర్వేరు పెట్టెల్లో, కొద్దిగా వేర్వేరు ఛాయల్లో వచ్చాయి. పైగా ఆ రసాయనపు వాసన పోవడానికి షర్టులను ఒకసారి ఉతికి ఇవ్వాలి. కనుక బట్ట మీదే పొరగా నిలిచి వేడికి గట్టిపడే ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ సిరాతో, కింద పలుచని తెల్ల పొర వేసి అచ్చు వేయాలని నిర్ణయించాను.

ప్లాస్టిసాల్ మీద ఉన్న ప్రధాన ఫిర్యాదు, వీపు మీద ప్లాస్టిక్ పలకలా ఉంటుందని. ఆ ఫిర్యాదు న్యాయమైనదే, కానీ దానికి మందు చాలావరకు డిజైన్‌లోనే ఉంది. కొండల రంగు, షర్టు రంగు రెండూ ముదురు నీలమే కనుక కొండలను అసలు అచ్చు వేయలేదు. ఆ చోట బట్టనే వదిలేసి, శిఖరాల అంచున తెల్ల గీత మాత్రం ఇచ్చాను. దీనితో సిరా పడే విస్తీర్ణం బాగా తగ్గింది. సూర్యబింబాన్ని నిండు పొరగా కాక హాఫ్‌టోన్ చుక్కలుగా, అంటే దూరం నుంచి కలిసిపోయి ఛాయలుగా కనిపించే చిన్న చుక్కలుగా విడగొట్టాను. అంగుళానికి 45 వరుసల చుక్కలకు దాదాపు అయిదు రెట్లు సన్నని మెష్ (స్క్రీన్ వల) ఉండాలన్నది వృత్తిలో వాడే లెక్క, కనుక పసుపు, నారింజ రంగులకు అంగుళానికి 230 దారాల మెష్, అడుగు తెలుపుకు 156 దారాల మెష్ తీసుకున్నాను. అడుగు తెలుపు, పసుపు, నారింజ, అక్షరాలకూ శిఖర రేఖలకూ పై తెలుపు కలిపి నాలుగు స్క్రీన్లతో పని పూర్తయింది. అడుగు తెలుపును పై రంగుల కంటే వెంట్రుకవాసి లోపలికి కుదించాను, లేకపోతే స్క్రీన్ ఏమాత్రం జరిగినా రంగు అంచున తెల్ల గీత తొంగిచూస్తుంది.

మామూలు ప్లాస్టిసాల్ ఉడకడానికి సిరా పొర మొత్తం, అంటే అడుగు దాకా, సుమారు 160 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. పై ఉపరితలం ఆ వేడికి చేరగానే అయిపోయిందనుకోవడం వల్లనే చాలా ముద్రణలు మూడో ఉతుక్కి పగులుతాయి. ఆరిన ముద్రణను రెండు చేతులతో సాగదీసి చూస్తే, ఉడికినది బట్టతో పాటు సాగి వెనక్కి వస్తుంది, ఉడకనిది చీలికలు పడుతుంది. పని నడుస్తున్నంత సేపు కట్టకు ఒక షర్టును ఇలా లాగి చూడడం మా దగ్గర అలవాటు.

మెరూన్ జెర్సీల మీదే నేను ఎక్కువ సమయం వెచ్చించాను, ఎందుకంటే ఈ ఆర్డరులో నిజమైన ప్రమాదం అక్కడే ఉంది. పాలిస్టర్‌కు రంగు వేసేది డిస్పర్స్ అనే రకం రంగులతో. వేడి తగిలితే ఈ రంగులు పోగు లోపల నుంచి ఆవిరిగా బయటకు వస్తాయి. బట్ట మీద వేడిగా ఆరబెట్టిన తెల్ల సిరా ఉంటే ఆ రంగు దానిలోకి చేరుతుంది. ప్రెస్ నుంచి తీసినప్పుడు తెల్లగా మెరిసిన అంకె, పెట్టెలో పడి ఉండగానే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎరుపు, మెరూన్ బట్టల్లో ఇది అందరికీ తెలిసిన బెడద. కొనుగోలుదారు సరుకు తీసుకునే నాటికి ఏమీ కనిపించకపోవడం దీనిలోని అసలు చిక్కు. అక్కడికక్కడ చేసే ఏ తనిఖీలోనూ ఇది దొరకదు.

పాలిస్టర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది సబ్లిమేషన్. దానిలో కాగితం మీద అచ్చు వేసిన రంగు సుమారు 190 నుంచి 205 డిగ్రీల వేడిలో వాయువుగా మారి పాలిస్టర్ పోగు లోపలికే వెళ్తుంది. పై పొర అంటూ ఏదీ ఉండదు కనుక పగలడం, ఊడడం ఉండవు, గాలి ఆడడానికీ అడ్డు లేదు. పరుగు జెర్సీకి ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం. కానీ సబ్లిమేషన్‌లో తెల్ల సిరా లేదు. తెలుపు అంటే కింద ఉన్న బట్ట తెలుపే. మెరూన్ బట్ట మీద పసుపు వేస్తే మెరూన్‌లో కలిసిపోతుంది. తెల్ల పాలిస్టర్ బట్ట కొని, మెరూన్ రంగుతో సహా అంతా అచ్చు వేసి, ఆ తరువాత కత్తిరించి జెర్సీలు కుట్టి ఉంటే చక్కగా సరిపోయేది. జెర్సీలు అప్పటికే కొనేశారు.

ఎంబ్రాయిడరీ చేస్తే రంగు పాకే సమస్య ఉండదన్నది వారి తరఫున నేనే వేసుకున్న ప్రశ్న. అది నిజమే. కానీ చదరపు మీటరుకు 130 గ్రాముల బరువున్న, చిన్న చిన్న రంధ్రాల అల్లిక మీద సూది పడితే పోగులు తెగి ఆ రంధ్రాలు పెద్దవవుతాయి. వెనుక ఉన్న బ్యాకింగ్ తడిసి ఛాతీకి రాసుకుంటుంది. దూరం పరుగెత్తేవారికి ఆ రాపిడి ఒరుపుగా, పుండుగా మారుతుంది. అందుకే జెర్సీల మీద కుట్టు వద్దని గట్టిగా చెప్పాను.

మిగిలినవి స్క్రీన్ ప్రింటింగ్, డీటీఎఫ్. డీటీఎఫ్‌లో డిజైన్‌ను ఫిల్మ్ మీద అచ్చు వేసి, వెనుక జిగురు పొడి చల్లి కరిగించి, హీట్ ప్రెస్‌తో బట్టకు అతికిస్తారు. నూలు, పాలిస్టర్, మిశ్రమం అన్న తేడా లేకుండా అంటుకుంటుంది, ఒక్కటి కావాలన్నా చేయవచ్చు. అందుకే ఇప్పుడు ఏది అడిగినా డీటీఎఫ్ అనే జవాబు వినిపిస్తోంది. పెద్ద విస్తీర్ణానికి వాడితే గాలి ఆడని పొరగా ఉంటుందనీ, మెరూన్ పాలిస్టర్ మీద రంగు పాకడాన్ని మామూలు ఫిల్మ్ ఆపలేదనీ ఆ జవాబుతో పాటు చెప్పాలి.

ఒక జెర్సీని నమూనాకు కేటాయించమని అడిగి, దాని మీద మూడు ముక్కలు వేయించాను. ఒకటి మామూలు డీటీఎఫ్ తెలుపు. రెండోది రంగు పాకకుండా ప్రత్యేకంగా తయారైన, సుమారు 130 డిగ్రీల వద్దే ఉడికే తెల్ల సిరా. మూడోది కార్బన్ కలిసిన బూడిద రంగు అడ్డు పొర, దాని పైన అదే తక్కువ వేడి సిరా, అయితే తెలుపు బదులు లేత బూడిద రంగులో. ఆ జెర్సీని ముద్రణ లోపలికి వచ్చేలా మడిచి, బరువు పెట్టి, వెచ్చని చోట కొన్ని రోజులు ఉంచాము. పోల్చడానికి అవే సిరాలతో తెల్ల బట్ట మీద వేసిన ముక్కలను విడిగా దాచాము. తీసి చూస్తే మొదటి ముక్క స్పష్టంగా గులాబీకి తిరిగింది. రెండోది పక్కన పెట్టి పోల్చితే తప్ప తెలియనంత మారింది. మూడో దానిలో మార్పు కనిపించలేదు.

ఇక్కడ సంఘం వారితో కొంత చర్చ జరిగింది. వారికి అచ్చమైన తెలుపు కావాలి. తెలుపు మీద ఏ చిన్న మార్పైనా కనిపిస్తుందనీ, లేత బూడిద రంగు మెరూన్ మీద దూరం నుంచి తెలుపుగానే కనిపిస్తుందనీ చెప్పాను. మాట కంటే నమూనా బాగా పని చేసింది. గోడకు తగిలించి గది అవతలి నుంచి చూసినప్పుడు వారిలో ఒకరు బూడిద ముక్కనే తెల్లనిదిగా చూపించారు. జెర్సీల ఛాతీ మీద గుర్తు ఒకే రంగులో, అడ్డు పొరతో, తక్కువ వేడి సిరాతో స్క్రీన్ ప్రింటింగ్ చేశాము. వీపు మీద పేర్లు ఒక్కొక్కరికి ఒక్కోటి కనుక అక్కడ స్క్రీన్‌కు అర్థం లేదు. రంగును ఆపే పొర ఉన్న ట్రాన్స్‌ఫర్ ఫిల్మ్‌ను, తయారీదారు సూచించిన అత్యల్ప వేడిలో అతికించాము. ఆరిన జెర్సీలను వేడిగా ఉండగానే దొంతరగా పేర్చకుండా పూర్తిగా చల్లార్చాము. దొంతర మధ్యలో వేడి గంటల పాటు నిలుస్తుంది, డ్రయర్‌లో తీసుకున్న జాగ్రత్తంతా అక్కడ వృథా అవుతుంది.

కాలర్ టీ షర్టుల విషయంలో వారు అడిగినదే సరైనది. వాటి బట్ట, చిన్న చిన్న గుంటలుండే పికే అల్లిక, దళసరిగా ఉంటుంది, గుర్తు ఎడమ ఛాతీ మీద 8 సెంటీమీటర్ల వెడల్పుకు మించదు, బట్టను వారానికి కొన్నిసార్లు ఉతుకుతారు, ఇస్త్రీ చేస్తారు. ఇస్త్రీ పెట్టె ముద్రణకు శత్రువు, కుట్టుకు కాదు. అయితే ఇచ్చిన ఫైలును ఉన్నది ఉన్నట్లు కుట్టడం సాధ్యం కాదు. 8 సెంటీమీటర్లకు కుదించినప్పుడు నినాదంలోని అక్షరాల ఎత్తు 2 మిల్లీమీటర్లకు పడిపోయింది. సాధారణంగా వాడే 40 నంబరు దారంతో 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న అక్షరాలు స్పష్టంగా రావు. సన్నని 60 నంబరు దారం, 65/9 సూది వాడితే ఇంకొంచెం కిందికి వెళ్ళవచ్చు గానీ 2 మిల్లీమీటర్లు అసాధ్యం. అక్షరాలలోని చిన్న సున్నాలు పూడుకుపోయి చుక్కలవుతాయి. నినాదాన్ని తీసేసి, సంఘం పేరును 6 మిల్లీమీటర్లకు పెంచాను. నినాదం లేని గుర్తును ఆమోదించడానికి వారు కమిటీని అడగవలసి వచ్చింది. చిన్న పరిమాణానికి ప్రత్యేకంగా ఒక సరళ రూపం ఉండడం ప్రతి గుర్తుకూ అవసరమని నేను భావిస్తాను. దాన్ని గుర్తు తయారుచేసిన రోజునే గీయించుకుంటే ఇలాంటి జాప్యం ఉండదు.

సూర్యబింబంలో మెల్లగా మారే రంగును దారంతో తేవడానికి మార్గాలున్నాయి. రెండు రంగుల వరుసలను పలుచన చేస్తూ ఒకదానిలో ఒకటి కలపవచ్చు. పెద్ద పరిమాణంలో అది అందంగా వస్తుంది, ఇంత చిన్న బింబంలో గజిబిజిగా కనిపిస్తుంది. కింది సగం నారింజ, పై సగం పసుపుగా రెండు నిండు పట్టీలు చేశాను. కొండలకు నిండు కుట్టు, అక్షరాలకు గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు దగ్గరగా పడే శాటిన్ కుట్టు. కుట్టు పడినప్పుడు దారం బట్టను తన దిశలో లోపలికి లాగుతుంది కనుక ఫైలులో గుండ్రంగా ఉన్న సూర్యుడు బట్ట మీద కోడిగుడ్డు ఆకారంలో వస్తాడు. దాన్ని సరిచేయడానికి కుట్టు దిశలో ఆకారాన్ని 0.3 మిల్లీమీటర్ల మేర ముందే పొడిగించాను. సాగే బట్ట కనుక వెనుక, కుట్టాక మిగులును చింపేసే బ్యాకింగ్ కాక కత్తిరించే బ్యాకింగ్, పికే గుంటల్లో దారం మునిగిపోకుండా పైన నీటిలో కరిగే ఫిల్మ్, పోగులు తెగకుండా మొన గుండ్రంగా ఉన్న 75/11 సూది వాడాము. నమూనా కుట్టు అదే బట్ట మీద చేయాలి. దుకాణంలో మిగిలిన ఫెల్ట్ ముక్క మీద చక్కగా వచ్చిన కుట్టు పికే మీద ఎలా వస్తుందో ఏమీ చెప్పదు.

దారం రంగుల్లో రేయాన్ మెరుపు బాగుంటుంది, కానీ బ్లీచింగ్ తగిలే తెల్ల బట్టలకు పాలిస్టర్ దారమే నమ్మదగినది. ముద్రణ సిరాను కలిపి కావలసిన ఛాయ తయారు చేసుకోవచ్చు. దారం మాత్రం కంపెనీ కార్డులో ఉన్న వాటిలోనే ఎంచుకోవాలి. అందుకే దారాన్ని ముందు ఖరారు చేసి, టీ షర్టుల పసుపు, నారింజ సిరాలను పగటి వెలుతురులో ఆ దారానికి దగ్గరగా కలిపాము. ఐదు దుస్తులు ఒకే సంస్థవిగా కనిపించాలన్న వారి కోరికకు అసలు జవాబు ఈ వరుసలోనే ఉంది.

వాన కోటు మీద కుట్టు వద్దనడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు: సూది వేసిన ప్రతి రంధ్రం నుంచీ నీరు లోపలికి వస్తుంది. కుట్టిన బ్యాడ్జీని అంచుల వెంట కుట్టి అతికించినా అంతే. వేడితో అతికించే బ్యాడ్జీ గురించి ఆలోచించాము. కానీ లోపలి పూత ప్రెస్ వేడికి నలిగిపోయే ప్రమాదం ఉంది, పైన ఉన్న నీటిని జారవిడిచే పూత జిగురునూ జారవిడుస్తుంది. నైలాన్ కోసం తయారయ్యే సిరాలో పట్టు పెంచే క్యాటలిస్ట్ కలిపి ఒకే ముదురు నీలం రంగులో అచ్చు వేశాము. క్యాటలిస్ట్ కలిపిన సిరా కొన్ని గంటలకే పనికిరాకుండా పోతుంది కనుక 20 కోట్లకు సరిపడా మాత్రమే కలిపాము. ముద్రణకు ముందు కోటు లోపలి అంచున కొద్దిగా సిరా వేసి, ఆరాక టేపు అంటించి ఒక్కసారిగా లాగి చూశాము. పూర్తి పట్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది కనుక ఆ లోపు వాటిని మడవలేదు.

టోపీల మీద ఎంబ్రాయిడరీ. ముందు భాగం గట్టిగా ఉండి వంపు తిరిగినందున ముద్రణ కష్టం, కుట్టు సహజం. మధ్యలో కుట్టు అతుకు ఉంటుంది కనుక కింది నుంచి పైకి, మధ్య నుంచి పక్కలకు కుట్టేలా ఫైలును వేరుగా తయారు చేశాము. కాలర్ షర్టు ఫైలునే టోపీకి వాడితే బట్ట ఒక పక్కకు నెట్టుకుపోయి గుర్తు వంకరగా వస్తుంది.

అసలు పని మొదలుపెట్టే ముందు అయిదు నమూనాలనూ ఉతికించాము. ఇంటి ఉతుకును అనుకరించే పద్ధతికి ఐఎస్ఓ 6330, ఉతుకులో రంగు నిలకడకు ఐఎస్ఓ 105-సీ06, రాపిడికి ఐఎస్ఓ 105-ఎక్స్12 అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. పెద్ద సంస్థల ఒప్పందాల్లో వీటిని ప్రయోగశాలలో చేయించి, రంగు మార్పును కొలిచే, ఒకటి నుంచి అయిదు వరకు ఉండే గ్రే స్కేలు మీద ఫలితం అడుగుతారు. ఈ ఆర్డరుకు అంత అవసరం లేదు. వాళ్ళు ఇంట్లో ఎలా ఉతుకుతారో అలాగే, తిరగవేయకుండా, వేడి నీటితో, డ్రయర్‌తో సహా పలుమార్లు ఉతికి, ఒక్కో ఉతుకు తరువాత ఉతకని నమూనా పక్కన పెట్టి చూశాము. తిరగవేసి చల్లని నీటిలో ఉతకండి అని కాగితం ఇవ్వడం మంచిదే, కానీ ఆ కాగితం ఎవరూ చదవరని అనుకునే పరీక్షించాలి. టీ షర్టు ముద్రణలో మెరుపు కాస్త తగ్గింది, చీలిక రాలేదు. కాలర్ షర్టు మొదటి నమూనాలో పేరు చుట్టూ కొద్దిగా ముడత వచ్చింది. నిండు కుట్టు సాంద్రతను కాస్త తగ్గించి, అడుగు కుట్టు దిశ మార్చాక అది పోయింది.

మరుసటి సంవత్సరం వారు మళ్ళీ వచ్చారు. కాలర్ షర్టులకు, టోపీలకు పాత ఫైళ్ళే వాడాము. జెర్సీలను ఈసారి కొనేముందే అడిగారు కనుక తెల్ల పాలిస్టర్ మీద సబ్లిమేషన్ చేసి కుట్టించారు. సూర్యబింబం మొదటిసారి రంగులు మెల్లగా మారుతూ జెర్సీ మీదికి వచ్చింది, నినాదం కూడా చదవగలిగేలా నిలిచింది. టీ షర్టులు కొత్తగా చేరిన కార్యకర్తలకు 18 మాత్రమే కావాలన్నారు. పాత స్క్రీన్లను అప్పటికే కడిగేసి వేరే పనికి వాడుకున్నాము, ఆ సంఖ్యకు కొత్తవి చేయడం దండగ. ఆ 18 షర్టులను డీటీజీలో వేయించి, పాత షర్టు ఒకటి పక్కన పెట్టి పసుపు ఛాయను సరిచూసి ఇచ్చాము.